సాయంత్రం అయిదింటి సాహిత్యం

పగటిపూట టీవీ అంటే పనీపాటా లేనివాళ్ల కాలక్షేపమన్న చిన్నచూపు బ్రిటన్‌లో చాలాకాలంగా ఉంది. అది ఎంత అన్యాయమో రిచర్డ్ మేడ్లీ, జూడీ ఫినిగన్ దంపతుల కార్యక్రమాలు చూస్తే తెలుస్తుంది. 1988 అక్టోబర్‌లో లివర్‌పూల్‌లోని ఆల్బర్ట్ డాక్ నుంచి ఐటీవీ కోసం ‘దిస్ మార్నింగ్’ మొదలుపెట్టిన ఈ జంట, 2001లో ఛానల్ 4కి మారి తమ పేర్లతోనే సాయంత్రం అయిదింటి షో నడిపింది. ఆయన నోటికి ఎంతొస్తే అంత అనేస్తాడు, ఆమె మధ్యలో అందుకుని మాటను దారికి తెస్తుంది. ఒక్కరే కెమెరా వైపు తిరిగి చెబితే అది పాఠంలా ఉంటుంది. ఇద్దరు తమలో తాము మాట్లాడుకుంటూ, అవసరమైతే కాదనుకుంటూ ఉంటే చూసేవాళ్లకు నమ్మకం కుదురుతుంది. ఈ షో అసలు బలం ఆ నమ్మకమే.

దాని సత్తా 2004లో మొదలైన బుక్ క్లబ్‌లో బయటపడింది. నిర్మాత అమాండా రాస్ పుస్తకాలను ఏరేవారు, వారానికొకటి తెర మీదికి వచ్చేది. ముందు రచయిత గురించి చిన్న ఫిల్మ్, ఆపైన సోఫాలో అతిథులతో చర్చ. నచ్చకపోతే నచ్చలేదనే అనేవారు. మొదటి పుస్తకం జోసెఫ్ ఓకానర్ ‘స్టార్ ఆఫ్ ద సీ’. 1847లో ఐర్లండ్ కరువు నుంచి తప్పించుకుని అమెరికా వెళ్తున్న ఓడ కథ అది, తేలిక సరుకు కాదు. టీవీలో చర్చ జరిగాక అది బెస్ట్‌సెల్లర్ అయింది. మరుసటి ఏడాది ఈ క్లబ్ ఉత్తమ పుస్తకంగా నిలిచింది డేవిడ్ మిచెల్ ‘క్లౌడ్ అట్లాస్’. ఆరు కథలు ఒకదానిలో ఒకటి ఒదిగిన ఆ నవల బుకర్ తుది జాబితాకెక్కినది. మామూలు ప్రేక్షకులకు ఇలాంటివి ఎక్కవన్న మాట ఇక ఎలా నిలుస్తుంది?

ఒక టీవీ షో చేతిలో అంత అధికారం ఉంటే ఏటా కొన్ని పుస్తకాలే వెలుగుతాయి, మిగతావి మరుగున పడతాయన్న అభ్యంతరంలో నిజముంది. కానీ అంతకుముందు ఆ ఎంపిక చేసింది పత్రికల సమీక్షకులూ, పుస్తకాల షాపుల ముందువరస బల్లలూ. వాటి దాకా ఎప్పుడూ వెళ్లని పాఠకులను ఈ షో తెచ్చిపెట్టింది. ఇంతకన్నా బరువైన ఆరోపణ 2007లో వచ్చింది. ఫోన్ పోటీలో పాల్గొనేవాళ్ల ఎంపిక అయిపోయాక కూడా కాల్ చేయమంటూ ప్రేక్షకుల చేత డబ్బు ఖర్చు పెట్టించారని తేలింది, ఛానల్ 4కి భారీ జరిమానా పడింది. తమకు తెలియదని దంపతులు చెప్పారు. అయినా దీన్ని చిన్న తప్పుగా తీసిపారేయకూడదు. జనం నమ్మారు కాబట్టే పుస్తకాలు కొన్నారు, నమ్మారు కాబట్టే ఫోన్లూ చేశారు. తప్పు ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకున్నవాళ్లది, నమ్మినవాళ్లది కాదు. 2008లో ఛానల్ 4లో షో ఆగినా, 2010లో డబ్ల్యూహెచ్‌స్మిత్ దుకాణాలతో కలిసి బుక్ క్లబ్ మళ్లీ మొదలైంది, ఈసారి రోజూ కనిపించే టీవీ షో అండ లేకుండానే.