గుడారంలో ఫజ్ర్

టెక్సాస్‌లోని పాలో డ్యూరో కాన్యన్ స్టేట్ పార్కు 1934లో ప్రారంభమైనది. అక్కడి ఎర్రని లోయలో కొందరు ట్రైలర్లు నిలుపుకుంటారు, కొందరు గుడారాలు వేసుకుంటారు. తలుపు, పరుపు, పొయ్యి గల ట్రైలర్ వృద్ధులకు, పసిబిడ్డల తల్లులకు అనువైనదే. ఎదిగిన పిల్లలుంటే మాత్రం గుడారమే మేలని నా అభిప్రాయం.

కార్పెట్‌పై తప్ప నమాజు చేసి ఎరుగని పిల్లలకు, భూమి యావత్తూ మస్జిద్‌గా చేయబడిందన్న దైవప్రవక్త (స) వచనం వినికిడి మాత్రమే. ఇక్కడ వారే ఖిబ్లా వెదకాలి. మక్కా నేరుగా తూర్పున ఉందనుకునే పిల్లలకు ఈశాన్యం వైపు తిరగడం ఆశ్చర్యమే! కుళాయి ఉన్నది గనుక తయమ్ముమ్ చెల్లదు, చన్నీళ్లతోనే వుజూ. డల్లాస్ నుండి వెళ్లేవారు ప్రయాణికులు కాబట్టి జుహ్ర్, అస్ర్, ఇషా రెండేసి రకాతులే. ఫజ్ర్, మగ్రిబ్ యథాతథం.

రాత్రి 10 గంటల తర్వాత నిశ్శబ్దం పార్కు నియమం. పొరుగువారికీ మనకూ నడుమ గుడ్డ గోడలే గనుక తెల్లవారుజామున అజాన్, ఖురాన్ పఠనం మెల్లని స్వరంతోనే సాగాలి. నిద్రకు ముందు నిప్పు ఆర్పమన్నది హదీసు ఆదేశం. నీళ్లు పోసి, బూడిద కలిపి, వేడి పూర్తిగా చల్లారిందో లేదో చూసే బాధ్యత పెద్దబ్బాయికి అప్పగించండి. వంట, గిన్నెలు తండ్రి చూసుకోవాలి. అవీ తల్లి మీదే పడితే ఆమెకు అది విహారం కాదు, వంటిల్లు మారడమే.