ధర సర్కారుది.. లెక్క మీటరుది!

ఆనేకల్‌: తెల్లారకముందే క్యాను పట్టుకుని డెయిరీ దగ్గర నిలబడే పాడిరైతుది ఏటా ఒకటే ఎదురుచూపు.. ‘ఈసారైనా ధర పెంచుతారా?’ అని. కర్ణాటకలో 2025 ఏప్రిల్‌ 1న నందిని పాల ధర లీటరుకు రూ.4 పెరిగింది. ఆ పెంపు రైతుకే చేరాలని ప్రభుత్వం చెప్పింది. 2008లో రూ.2తో మొదలైన సర్కారు ప్రోత్సాహకం తర్వాత రూ.5కు చేరింది. అత్తిబెలె దాటి హోసూరులో అడుగుపెడితే లెక్క వేరు. తమిళనాడు 2022 నవంబరులో ఆవిన్‌ ఆవుపాల సేకరణ ధరను రూ.32 నుంచి రూ.35కు పెంచింది. 2023 డిసెంబరులో మరో రూ.3 ప్రోత్సాహకం ప్రకటించింది.

పెంపు అందరికీ ఒకటే. చేతికొచ్చే డబ్బులే ఒకటి కావు. లీటర్లతో పాటు పాల నాణ్యతనూ లెక్కగట్టడమే కారణం.

రెండు పరీక్షలెందుకు?

పాలలో వెన్న (ఫ్యాట్‌) ఒకటి. వెన్న, నీరు పోగా మిగిలే ప్రొటీన్లు, లాక్టోజు, లవణాలు (ఎస్‌ఎన్‌ఎఫ్‌) రెండోది. ఆవుపాలలో ఫ్యాట్‌ 3.2, ఎస్‌ఎన్‌ఎఫ్‌ 8.3 శాతానికి తగ్గరాదన్నది కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ నిబంధన. నీళ్లు కలిపితే లాక్టోమీటరు రీడింగు పడిపోతుంది. వెన్న తీస్తే పెరుగుతుంది. రెండూ చేస్తే మామూలు పాలలాగే చూపిస్తుంది! అందుకే ఫ్యాట్‌ పరీక్ష తప్పదు.

ఒక్క పాయింటు..

వాడుకలో ఉన్న ఒక సూత్రం ఇదీ: రీడింగులో నాలుగో వంతు, ఫ్యాట్‌లో నాలుగో వంతు కూడి, 0.44 కలిపితే ఎస్‌ఎన్‌ఎఫ్‌. ఫ్యాట్‌ 3.8, రీడింగు 28 అయితే 8.39 వస్తుంది. పాలు పాస్‌! రీడింగు 27కు తగ్గితే 8.14.. నిబంధన కిందికి పోయినట్టే. అప్పుడే పితికిన పాలు వెచ్చగా ఉంటాయి. వేడి సవరణ వేయకుండా చదివితే నీళ్లు కలపని రైతుకూ రీడింగు తగ్గుతుంది. క్యానులో పాలు బాగా కలపకుండా అడుగునుంచి నమూనా తీస్తే పైకి తేలిన వెన్న లెక్కలోకే రాదు.

కొట్టంలోనే మొదలు

చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ. పొదుగు ఖాళీ అయ్యేదాకా పితకాలి. దాణా పెంచి రాగిగడ్డి తగ్గిస్తే వెన్న పడిపోతుంది. గడ్డిలోని పీచు ఆవు కడుపులో పులిస్తే వచ్చే ఆమ్లమే వెన్నకు ముడిసరుకు మరి. హెచ్‌ఎఫ్‌ ఆవు పాలు ఎక్కువిస్తుంది, వెన్నలో జెర్సీదే పైచేయి.

సర్కారు ధర ఎప్పుడో ఒకసారి మారుతుంది. మీటరు మాత్రం పూటపూటకూ మారుతుంది. చీటీలో లీటర్లతో పాటు ఫ్యాట్‌, ఎస్‌ఎన్‌ఎఫ్‌, రేటు చూసుకున్నాకే ఇంటిదారి పట్టండి. తేడా అనిపిస్తే అక్కడికక్కడే మళ్లీ పరీక్ష చేయమని అడగండి.