క్రీడా, వినోదమా తేలకుండానే తరలిపోయిన గ్రాండ్ ప్రి

2013 అక్టోబరు 27న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ అంతర్జాతీయ సర్క్యూట్‌లో గెలుపు గీత దాటిన సెబాస్టియన్ వెట్టెల్ కారును నిర్ణీత స్థలానికి తీసుకుపోలేదు. ప్రేక్షకుల ఎదుట నిలిపి, పొగలు చిమ్మేలా గిరగిర తిప్పి, కిందికి దిగి దానికి మోకరిల్లాడు. ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ వరుసగా నాల్గవసారి అతని వశమైన క్షణమది. నిబంధన మీరినందుకు రెడ్ బుల్ జట్టుకు 25 వేల యూరోల జరిమానా పడింది.

పోటీ కూడా చప్పగా సాగలేదు. అందరికంటే ముందు నుంచి బయలుదేరిన వెట్టెల్, మెత్తని టైర్లు ఎక్కువ సేపు నిలువవన్న లెక్కతో రెండవ ల్యాప్ చివరనే వాటిని మార్చుకుని 17వ స్థానానికి పడిపోయాడు. అయినా 60 ల్యాప్‌లు ముగిసేసరికి ద్వితీయుడు నికో రోస్‌బర్గ్ కంటే సుమారు 30 సెకన్లు ముందున్నాడు. 17వ స్థానం నుంచి మొదలుపెట్టిన రొమైన్ గ్రోజాన్ మూడవవాడు కావడం విశేషం. 2011, 2012 లలోనూ ఇక్కడ విజేత వెట్టెలే. మరొక విజేతను ఆ ట్రాక్ చూడలేదు. భారత గ్రాండ్ ప్రికి అదే ఆఖరు.

తేదీని సీజన్ తొలి భాగానికి మార్చవలసి ఉన్నందున 2014లో విరామమని అప్పట్లో చెప్పారు. 2015లో తిరిగి వస్తుందన్న మాట నిలువలేదు. తొలి ఏడాది 95 వేలుగా చెప్పిన ప్రేక్షకుల సంఖ్య తర్వాత బాగా తగ్గిన మాట నిజమే. కాని అసలు చిక్కు పన్నులలో ఉంది.

ఫార్ములా వన్ క్రీడ కాదు, వ్యాపార వినోదమని కేంద్ర క్రీడాశాఖ 2009లోనే తేల్చింది. ఆ వేగంలో మలుపు తిరిగే డ్రైవరు చెమటను చూసినవారు ఆ మాట ఒప్పుకోవడం కష్టం. విచిత్రమేమంటే, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వినోదపు పన్ను నుంచి పోటీకి మినహాయింపు ఇచ్చింది. దానిపై ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలు కాగా, టికెట్ల రాబడిలో 25 శాతాన్ని విడిగా జమ చేయాలని 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఆదాయపు పన్ను వివాదం మరింత సాగింది. పోటీ మూడు రోజుల ముచ్చటే గనుక భారత్‌లో తమకు స్థిర వ్యాపార స్థావరం లేదని హక్కుదారైన బ్రిటిష్ సంస్థ వాదించింది. సర్క్యూటే ఆ స్థావరమని, పన్ను చెల్లించవలసిందేనని 2017 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అప్పటికి ఆ కార్లు వెళ్లిపోయి మూడున్నరేళ్లు.

బకాయిల కారణంగా జేపీ సంస్థకు ఇచ్చిన భూమి కేటాయింపును యమునా ఎక్స్‌ప్రెస్‌వే ప్రాధికార సంస్థ 2020లో రద్దు చేసింది. 2023 సెప్టెంబరులో మోటో జీపీ ద్విచక్ర వాహనాలు అదే ట్రాక్‌పై పరుగెత్తాయి. 2024లో అవీ రాలేదు.