మజిలీ ప్రయాణం – విద్యుత్ సైకిల్

తెలుగువారికి చిరపరిచితమైన మాటల్లో ‘మజిలీ’ ఒకటి. అరబ్బీ ‘మంజిల్’ శబ్దం ఉర్దూ ద్వారా మన భాషలోకి వచ్చి ఈ రూపం పొందింది. దూరప్రయాణం చేసేవారు పగలంతా నడిచి, రాత్రి విశ్రమించే తావుకు మజిలీ అని పేరు. ఒక మజిలీకీ మరొక మజిలీకీ మధ్య దూరాన్ని నిర్ణయించేది బాటసారి కోరిక కాదు. అతని కాళ్ల సత్తువ, ఎద్దుల ఓపిక, దారిలో దొరికే నీళ్లు. మధిర సుబ్బన్న దీక్షితులు తన బృహత్కథా సంపుటాలకు ‘కాశీమజిలీ కథలు’ అని పేరు పెట్టడంలోని ఔచిత్యం ఇదే. అంతకు ముందే ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుండి బయలుదేరి, హైదరాబాదు, నాగపురం మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఆ పదిహేను నెలల అనుభవమే ‘కాశీయాత్ర చరిత్ర’. ఏ ఊరిలో దిగడానికి వసతి ఉంది, ఎక్కడ ఏ వస్తువు దొరుకుతుంది, ఏ నదిని ఎలా దాటాలి అన్న వివరాలను ఆయన శ్రద్ధగా నమోదు చేశారు. అందువల్ల ఆ గ్రంథం యాత్రా సాహిత్యం మాత్రమే కాదు, యాత్రా ప్రణాళికకు పాఠం కూడా.

రైలు, మోటారు వాహనాలు వచ్చిన తరువాత మజిలీ అనే భావన మన జీవితాల నుండి దాదాపు తొలగిపోయింది. పెట్రోలు ఎక్కడ అయిపోతే అక్కడే అయిదు నిమిషాల్లో నింపుకోవచ్చు. అయితే విద్యుత్ సైకిల్ మళ్లీ ఆ పాత మాటకు ప్రాణం పోస్తున్నది. దీని బ్యాటరీ ఇచ్చే దూరం పరిమితం. తిరిగి నిండడానికి గంటల కాలం కావాలి. కాబట్టి అనేక దినాల యాత్రకు విద్యుత్ సైకిల్‌పై వెళ్లదలచినవారు వీరాస్వామయ్యవలె మజిలీలను ముందుగా లెక్కించుకోక తప్పదు. కరీంనగర్ నుండి ఆదిలాబాద్ వరకు ఒక యాత్రను ఉదాహరణగా తీసుకొని ఆ లెక్క ఎలా వేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

విద్యుత్ సైకిల్ అనగానే ఇది నిన్నమొన్నటి కల్పన అనుకోరాదు. అమెరికాకు చెందిన ఆగ్డెన్ బోల్టన్ 1895లోనే విద్యుత్ సైకిల్‌కు పేటెంటు పొందాడు. తొక్కేవాడి బలానికి తోడుగా మోటారు సహకరించే పద్ధతిని జపానుకు చెందిన యమహా సంస్థ 1993లో విపణిలోకి తెచ్చింది. తేలికైన లిథియం-అయాన్ బ్యాటరీలు 1991 నుండి వ్యాపార రీత్యా లభించడం ఈ వాహనానికి మేలు చేసింది. ఆ బ్యాటరీకి మూలమైన పరిశోధనలు చేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మన దేశపు నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్లకు, సహాయక వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోబడిన సైకిల్‌ను మోటారు వాహనంగా పరిగణించరు. అంతకు మించినదైతే రిజిస్ట్రేషను, లైసెన్సు, బీమా అవసరమవుతాయి. యాత్రకు ముందు తన వాహనం ఏ కోవలోనిదో తెలుసుకోవడం మొదటి పని.

రెండవ పని బ్యాటరీలోని శక్తిని గ్రహించడం. బ్యాటరీపై ముద్రించిన వోల్టులను ఆంపియర్-గంటలతో గుణిస్తే వాట్-గంటలు వస్తాయి. 36 వోల్టుల, 10 ఆంపియర్-గంటల బ్యాటరీలో 360 వాట్-గంటల శక్తి ఉంటుంది. ఒక కిలోమీటరుకు ఎంత ఖర్చవుతుందో తెలియాలంటే ప్రకటనలను నమ్మకుండా స్వయంగా పరీక్షించాలి. కరీంనగర్ విద్యార్థి యాత్రలో మోయబోయే మొత్తం సామానును కట్టుకొని ఎలగందుల కోటకు వెళ్లి రావచ్చు. రానుపోను సుమారు 20 కిలోమీటర్లు. తిరిగి వచ్చేసరికి బ్యాటరీలో 55 శాతం తగ్గిందనుకుందాం. 360లో 55 శాతం 198 వాట్-గంటలు. అంటే కిలోమీటరుకు ఇంచుమించు 10 వాట్-గంటలు ఖర్చయినట్లు. ఈ అంకె మనిషి బరువును బట్టి, తొక్కే బలాన్ని బట్టి, ఎదురుగాలిని బట్టి మారుతుంది. వేగం పెరిగినకొద్దీ గాలి నిరోధం అంతకు మించి పెరుగుతుంది కనుక, నెమ్మదిగా వెళ్లేవాడే దూరం వెళ్తాడు.

బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయడం దానికీ మంచిది కాదు, యాత్రికుడికీ మంచిది కాదు. అయిదింట ఒక వంతును ఆపద్ధర్మంగా విడిచిపెట్టాలి. అప్పుడు ఒక బ్యాటరీలో వాడదగినది 288 వాట్-గంటలు. అది సుమారు 28 కిలోమీటర్లకు సరిపోతుంది. అదనంగా మరొక బ్యాటరీని వెంట తీసుకువెళ్తే రోజుకు 56 కిలోమీటర్ల వరకు నిశ్చింతగా సాగవచ్చు. ఇదే మన మజిలీ కొలత.

ఈ కొలతను పటం మీద పరచి చూద్దాం. జగిత్యాల, ధర్మపురి, లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు, ఇంద్రవెల్లి, గుడిహత్నూరుల మీదుగా ఆదిలాబాద్ చేరే దారి సుమారు 230 కిలోమీటర్లు. ఉత్సాహవంతుడు మొదటి రోజే ధర్మపురి చేరాలనుకుంటాడు. కాని ఆ దూరం 80 కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది; రెండు బ్యాటరీలు చాలవు. కాబట్టి మొదటి మజిలీ జగిత్యాల. కరీంనగర్ నుండి సుమారు 50 కిలోమీటర్లు. దారిలో కొండగట్టు చేరకముందే మొదటి బ్యాటరీని మార్చుకోవలసి వస్తుంది. రెండవ రోజు ధర్మపురిలో నరసింహస్వామి ఆలయం, గోదావరి తీరం చూసుకొని, మధ్యాహ్నం అక్కడే విశ్రమించి, రాయపట్నం వద్ద వంతెన మీద నది దాటి లక్సెట్టిపేట చేరాలి. మధ్యాహ్నపు మూడు గంటల విరామంలో ఖాళీ అయిన బ్యాటరీని చార్జింగుకు పెడితే దాదాపు 200 వాట్-గంటలు సమకూరుతాయి. అది 20 కిలోమీటర్ల దూరానికి భరోసా.

మూడవ రోజు లక్సెట్టిపేట నుండి జన్నారం వరకు దూరం తక్కువే. ఇంత తక్కువ దూరానికి ఒక రోజు ఎందుకని సందేహం కలగవచ్చు. జన్నారం దాటితే కవ్వాల్ అరణ్యం. 1965లో అభయారణ్యంగా, 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా దీనిని ప్రకటించారు. అడవిలో చీకటి పడిన తరువాత ప్రయాణం చేయడం మనకూ ప్రమాదం, వన్యప్రాణులకూ ప్రమాదం. రాత్రివేళ రాకపోకలపై అటవీశాఖ విధించిన నిబంధనలను జన్నారంలోనే విచారించి తెలుసుకోవాలి. మధ్యాహ్నానికి జన్నారం చేరితే రెండు బ్యాటరీలు నిండడానికి వ్యవధి దొరుకుతుంది. మర్నాడు తెల్లవారిన తరువాత బయలుదేరి, పగటి వెలుగులోనే ఉట్నూరు చేరవచ్చు.

నాలుగవ రోజు దూరం సుమారు 40 కిలోమీటర్లే అయినా, ఎత్తుపల్లాలు ఉన్నందున లెక్క మారుతుంది. భౌతికశాస్త్రంలో చదువుకొన్న స్థితిశక్తి ఇక్కడ పనికివస్తుంది. మనిషి, సైకిల్, సామాను కలిసి 110 కిలోల బరువు అనుకుందాం. దానిని 100 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి సుమారు 30 వాట్-గంటల శక్తి కావాలి. మోటారులో కొంత శక్తి వేడిగా వృథా అవుతుంది కనుక 40 వాట్-గంటలుగా లెక్కించాలి. ఇది సమతలం మీద నాలుగు కిలోమీటర్ల ఖర్చుకు సమానం. మజిలీలోని ఎక్కుడులన్నీ కలిపి 300 మీటర్లయితే, 40 కిలోమీటర్లకు మరో 12 కలిపి 52 కిలోమీటర్లుగా భావించాలి. మన హద్దు 56. అంటే చేరగలం, కాని దారి తప్పి తిరగడానికి వీలు లేదు. అడవిలో సెల్‌ఫోను సంకేతాలు అన్నిచోట్లా అందవు కనుక పటాన్ని కాగితంపై గీసుకొని వెంట ఉంచుకోవాలి. అయిదవ రోజు ఉట్నూరు నుండి ఆదిలాబాద్‌కు సుమారు 55 కిలోమీటర్లు. ఇది కూడా హద్దుకు దగ్గరగా ఉన్నది కనుక సమతలంలో మోటారు సాయం తగ్గించి కాళ్లకు పని చెప్పాలి.

చార్జింగు విషయంలో కాలమే ప్రధానం. 2 ఆంపియర్ల చార్జరుతో 10 ఆంపియర్-గంటల బ్యాటరీ నిండడానికి అయిదు నుండి ఆరు గంటలు పడుతుంది. ఒకే చార్జరు ఉంటే రెండింటికీ పన్నెండు గంటలు. సాయంత్రం ఆలస్యంగా చేరినవాడికి, రాత్రి కరెంటు పోయినవాడికి తెల్లవారేసరికి ఒక బ్యాటరీ ఖాళీగానే మిగులుతుంది. అందువల్ల రెండు చార్జర్లు తీసుకువెళ్లడం వివేకం. ఆ బ్యాటరీకి ఉద్దేశించిన చార్జరునే వాడాలి. ఎండలో వచ్చిన బ్యాటరీని చల్లారిన తరువాతే చార్జింగుకు పెట్టాలి. తడిసినదానినీ, దెబ్బతిని ఉబ్బినదానినీ ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టరాదు. పక్క మీద గాని, గది ద్వారానికి అడ్డంగా గాని ఉంచి నిద్రపోకూడదు. లిథియం బ్యాటరీకి నిప్పు అంటుకొంటే ఆర్పడం కష్టం.

కాలనిర్ణయం కూడా ప్రణాళికలో భాగమే. వేసవిలో ఉత్తర తెలంగాణ ఎండలు మనిషికీ బ్యాటరీకీ దుస్సహం. వానకాలంలో వాగులు పొంగి దారులు తెగవచ్చు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. అయితే చలికాలంలో ఆదిలాబాద్ ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు జారే రోజులు ఉంటాయి. చల్లని ఉదయాన బ్యాటరీ కొంత తక్కువ దూరమే ఇస్తుంది. కనుక ఉన్ని దుస్తులతో పాటు కొంత ఓపికను కూడా వెంట తీసుకువెళ్లాలి. పంక్చరు సామగ్రి, అదనపు ట్యూబు, పంపు, బ్రేకు దిమ్మెలు, స్పానర్లు, మంచినీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె, శిరస్త్రాణం తప్పనిసరి. చక్రంలోనే మోటారు ఉన్న సైకిల్ అయితే ఆ చక్రాన్ని ఊడదీసి తిరిగి బిగించడం ఇంటి దగ్గరే నేర్చుకోవాలి. అడవి మధ్యలో అది నేర్చుకొనే విద్య కాదు.

ఇక యాత్రికుడి ప్రవర్తన. పెద్ద ఊళ్లలో లాడ్జీలు ఉంటాయి. చిన్న ఊళ్లలో ఒక హోటలు యజమానినో, బడి పంతులునో, గృహస్థునో విద్యుత్తు అడగవలసి రావచ్చు. రెండు బ్యాటరీలు నిండడానికి నష్టాలతో కలిపి ఒక యూనిట్ కంటె తక్కువే ఖర్చవుతుంది. ఒక చార్జరు తీసుకొనే శక్తి ఇంటి ఫ్యానుకు కావలసినంతే. ఆ సంగతి చెప్పి, అనుమతి పొంది, వారు వద్దన్నా తగిన పైకం ఇచ్చి రావాలి. స్వల్పమైనా అది ఇతరుల సొత్తు. పూర్వం బాటసారి గృహస్థుని దాహం అడిగేవాడు. నేటి బాటసారి విద్యుత్తు అడుగుతాడు. రెండింటికీ కావలసింది వినయమే.

దారిలోని స్థలాలను కూడా ఆ వినయంతోనే చూడాలి. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయిన ఆదివాసుల స్మారక స్తూపం ఉంది. అక్కడ క్షణకాలం ఆగి తలవంచడం యాత్రికుడి ధర్మం. సమీపంలోని కేస్లాపూర్‌లో ఏటా పుష్య అమావాస్యకు నాగోబా జాతర ప్రారంభమవుతుంది. ఆ రోజుల్లో వసతి దొరకడం కష్టం కనుక ముందుగా విచారించుకోవాలి.

మనం వాడే విద్యుత్తు ఎక్కడి నుండి వస్తున్నదో కూడా ఆలోచించాలి. ఈ ప్రాంతంలోనే, గోదావరి సమీపంలో రామగుండం తాపవిద్యుత్ కేంద్రం ఉంది. సింగరేణి బొగ్గుతో 2600 మెగావాట్ల సామర్థ్యం గల కేంద్రం అది. అక్కడి జలాశయం మీద తేలే 100 మెగావాట్ల సౌర ఫలకాలు 2022లో పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలుపెట్టాయి. విద్యుత్ సైకిల్ పొగ వదలదు; అంతమాత్రాన దాని వెనుక పొగ లేదని కాదు. కాని కిలోమీటరుకు 10 వాట్-గంటలతో సాగే వాహనం తీసుకొనేది ఎంత స్వల్పమో ఈ లెక్కల వల్ల తెలుస్తుంది.

ఈ దారికి మజిలీ ప్రయాణం కొత్త కాదు. నాగోబా అభిషేకానికి గోదావరి జలం తేవడానికి మెస్రం వంశీయులు కేస్లాపూర్ నుండి జన్నారం మండలంలోని హస్తినమడుగు వరకు కాలినడకన వెళ్లి వస్తారు. ఏ ఊరిలో ఆగాలో ముందే నిర్ణయించుకొని, కట్టుబాటు తప్పక నడుస్తారు. వారికి బ్యాటరీ లేదు, పటం లేదు. తరతరాల అనుభవమే ప్రణాళిక. యంత్రం సాయంతో అదే నేలపై ప్రయాణించే యువకులు వారి నుండి నేర్చుకోవలసింది ఒకటుంది. తన శక్తి ఎంతో ఎరిగి, అంతకు లోపుగా గమ్యాన్ని నిర్ణయించుకొని, దారిలోని మనుషులతో మంచిగా ఉన్నవాడు సురక్షితంగా చేరుతాడు. వాహనం మారినా ఈ నియమం మారలేదు.