జింకల వేటలో తేలికపాటి గుండు: బరువు, వేగం, నిర్మాణాల పరస్పర సంబంధం

వ్యాససంగ్రహం:
అమెరికాలో తెల్లతోక జింకల వేటకు ఎంత బరువైన రైఫిల్ గుండు తగినదన్న చర్చ దాదాపు వందేళ్లుగా సాగుతున్నది. తేలికపాటి గుండుకు అనుకూలంగానూ ప్రతికూలంగానూ వినవచ్చే వాదాలను భౌతికశాస్త్ర సూత్రాల ఆధారంగా పరిశీలించి, యోగ్యతను నిర్ణయించేది కేవలం బరువు కాదని, గుండు నిర్మాణమని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: తెల్లతోక జింక, గుండు, గ్రెయిన్, గతిజశక్తి, ద్రవ్యవేగం, ఛేదసాంద్రత, సీసం, రాగి.

1. ఉపోద్ఘాతం:
భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జింకల వేటను నిషేధించింది. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ తెల్లతోక జింకల వేట ప్రభుత్వ అనుమతిపత్రాలతో, నిర్ణీత రుతువులలో, ఆయా రాష్ట్రాల నియమాలకు లోబడి సాగుతుంది. ఆ నియమాలలో గుండు పరిమాణానికి సంబంధించినవీ ఉన్నాయి. ఇది వేటగాని సౌకర్యానికి మాత్రమే పరిమితమైన విషయం కాదు. గుండు ఎంపిక తప్పితే జింక వెంటనే చనిపోదు. గాయంతో పొదల్లోకి పారిపోయి, గంటలో రోజులో బాధపడి, ఎవరికీ దొరకకుండా మరణిస్తుంది. కాబట్టి ఈ చర్చకు మూలం సాంకేతికమే అయినా దాని పర్యవసానం నైతికమైనది.

2. పరిభాష, కొలమానం:
వాడుక తెలుగులో ‘తూటా’ అనే మాట రెండర్థాలలో వినిపిస్తుంది. ఇత్తడి గొట్టం, మందు, దానిని రగిలించే టోపీ, ముందుభాగాన అమరిన లోహఖండం అన్నీ కలిసిన వస్తువు ఒకటి. ఆ లోహఖండం మాత్రమే మరొకటి. ఈ వ్యాసంలో మొదటిదానికి ‘తూటా’ అనీ, తుపాకీ నుంచి వెలువడి లక్ష్యాన్ని తాకేదానికి ‘గుండు’ అనీ వ్యవహారం.

గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు. ధాన్యపు గింజ బరువు నుంచి పుట్టిన కొలత ఇది. మన కంసాలులు బంగారాన్ని గురివిందగింజలతో తూచినట్టే పాశ్చాత్యులు బార్లీ గింజను ప్రమాణంగా తీసుకున్నారు. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాములు, ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. గురివిందగింజ ఒకటి దాదాపు రెండు గ్రెయిన్లు తూగుతుంది. ఆ లెక్కన 100 గ్రెయిన్ల గుండు సుమారు యాభై గురివిందగింజల ఎత్తు.

3. రెండు దృక్పథాలు:
1925లో వచ్చిన .270 వించెస్టర్ తూటా 130 గ్రెయిన్ల గుండును సెకనుకు 3,000 అడుగులకు మించిన వేగంతో పంపగలిగింది. ‘అవుట్‌డోర్ లైఫ్’ పత్రికలో ఆయుధ విభాగాన్ని నిర్వహించిన జాక్ ఓకానర్ ఈ తూటాకు ప్రధాన ప్రచారకుడు. తేలికైన గుండు వేగంగా సాగితే దాని మార్గం తక్కువ వంగుతుంది, తుపాకీ వెనక్కు తన్నే బలం తగ్గుతుంది, గురి కుదురుతుంది అన్నది ఆ పక్షం వాదన. ఎల్మర్ కీత్ దీనికి ఎదురునిలిచాడు. పెద్ద వ్యాసం, ఎక్కువ బరువు గల గుండు మాత్రమే ఏ కోణంలో తగిలినా ఎముకను చీల్చుకొని లోపలికి చేరుతుందని అతని పక్షం. ఒకరు గురి మీద, మరొకరు గురి కొంత తప్పినప్పటి పరిస్థితి మీద దృష్టి నిలిపారు. అందువల్లనే ఇద్దరి వాదాలలోనూ కొంత సత్యం ఉన్నది.

4. శక్తి, ద్రవ్యవేగం, ఛేదసాంద్రత:
గతిజశక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ద్రవ్యవేగం వేగాన్ని మాత్రమే అనుసరిస్తుంది. ఈ భేదాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. .243 వించెస్టర్ తూటాలోని 100 గ్రెయిన్ల గుండు సెకనుకు సుమారు 900 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. పాతకాలపు .30-30 తూటాలోని 150 గ్రెయిన్ల గుండు వేగం సుమారు 728 మీటర్లు. తుపాకీ మూతి వద్ద రెండింటి శక్తీ దాదాపు 2,600 జౌళ్లే. ద్రవ్యవేగం మాత్రం మొదటిదానికి సెకనుకు 5.8, రెండవదానికి సెకనుకు 7.1 కిలోగ్రామ్-మీటర్లు. అంటే గుండు తేలికైనంత మాత్రాన శక్తి తగ్గవలసిన పనిలేదు. కాని శక్తి సమానమైనంత మాత్రాన రెండూ ఒకే విధంగా ప్రవర్తిస్తాయనీ చెప్పలేము.

గుండు బరువును పౌన్లలోకి మార్చి, అంగుళాలలోని వ్యాసపు వర్గంతో భాగిస్తే వచ్చే విలువ ఛేదసాంద్రత. మందం సమానమైన మేకులలో బరువైనది లోతుగా దిగడానికి కారణం ఇదే. 0.224 అంగుళాల వ్యాసంగల 55 గ్రెయిన్ల గుండుకు ఈ విలువ 0.157. .243లోని 100 గ్రెయిన్ల గుండుకు 0.242. ఓకానర్ మెచ్చిన .270లోని 130 గ్రెయిన్ల గుండుకూ 0.242 మాత్రమే. 30 గ్రెయిన్ల తేడా ఉన్నా చివరి రెండూ ఈ కొలతలో సమానం. కాబట్టి ‘తేలిక’ అనేది సాపేక్షపదం; వ్యాసాన్ని చెప్పకుండా బరువును మాత్రమే చెప్పడం అసంపూర్ణ నిర్వచనం.

5. గుండు నిర్మాణం:
ఛేదసాంద్రత గుండు ఆకారం మారనంతవరకే వర్తిస్తుంది. వేటగుండు శరీరాన్ని తాకగానే ముందుభాగం పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. అది ఎంత త్వరగా, ఎంతవరకు విచ్చుకుంటుందన్నది రాగితొడుగు మందాన్ని బట్టి ఉంటుంది. ప్రెయిరీ డాగ్ వంటి చిన్న బొరియజంతువుల కోసం చేసిన 55 గ్రెయిన్ల గుండ్లకు తొడుగు పలుచన. తాకగానే ముక్కలుకావడం వాటి ప్రయోజనం. అదే గుండు జింక భుజానికి తగిలితే పైపైన పెద్ద గాయం చేసి, ఊపిరితిత్తులను చేరకముందే చెదిరిపోవచ్చు. తేలికపాటి గుండ్లకు వచ్చిన అపకీర్తిలో అధికభాగం ఈ అస్థాన ప్రయోగం వల్ల కలిగినదే.

1946లో జాన్ నోస్లర్ అనే వేటగాని గుండ్లు బురద పేరుకున్న మూస్ చర్మాన్ని దాటలేక విఫలమయ్యాయి. ఆ అనుభవం నుంచి నడుమ రాగి అడ్డుగోడ గల ‘పార్టిషన్’ గుండు పుట్టింది. ముందుసగం విచ్చుకొన్నా వెనుకసగం చెదరకుండా లోపలికి సాగుతుంది.

6. గొట్టంలోని మెలిక:
గుండు నిలకడగా సాగడానికి గొట్టం లోపలి మెలికల గాడులు దానిని గిరగిర తిప్పుతాయి. పొడవైన గుండుకు బిగువైన మెలిక అవసరం. 1955లోనే రెండు పోటీ తూటాలు వెలువడ్డాయి. .243 వించెస్టర్ తుపాకీ 10 అంగుళాలకు ఒక చుట్టు తిప్పేది; .244 రెమింగ్టన్ 12 అంగుళాలకు ఒక చుట్టు. రెండవది తేలిక గుండ్లకు చాలినా, జింకల కోసం కోరిన 100 గ్రెయిన్ల గుండ్లకు సరిపోదన్న పేరు తెచ్చుకొని వెనుకబడింది. 1963లో మెలికను బిగించి, పేరు మార్చినా కోల్పోయిన ఆదరణ పూర్తిగా తిరిగి రాలేదు.

7. సీసం నుంచి రాగికి:
సీసపు గుండు విచ్చుకొనేటప్పుడు రాలే సూక్ష్మఖండాలు మాంసంలో వ్యాపిస్తాయి. వేటగాళ్లు వదిలిన అవశేషాలను తినే కాలిఫోర్నియా కాండోర్ రాబందులకు ఈ సీసం ప్రాణాంతకమైంది. 1982 నాటికి ఆ జాతిలో 22 పక్షులే మిగిలాయి. 2013లో చేసిన చట్టం ప్రకారం కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసపు గుండ్ల వాడకం పూర్తిగా నిషిద్ధం.

దీనితో చర్చ కొత్త మలుపు తిరిగింది. రాగి సాంద్రత సీసం కన్నా తక్కువ కనుక అదే పొడవుగల రాగిగుండు తేలికగా ఉంటుంది. అయితే అది ముక్కలు కాకుండా బరువును దాదాపు పూర్తిగా నిలుపుకుంటుంది. అందుచేత .243లో 80, 85 గ్రెయిన్ల రాగిగుండు 100 గ్రెయిన్ల సీసపు గుండు చేసే పని చేయగలుగుతున్నది. కాని నెమ్మదించాక రాగి సరిగా విచ్చుకోదు. దూరపు గురికి ఇది పరిమితి.

8. ముగింపు:
కొలరాడో నియమం ప్రకారం జింకల వేటకు కనీస వ్యాసం 0.24 అంగుళాలు, కనీస బరువు 70 గ్రెయిన్లు; గుండు విచ్చుకొనేదై ఉండాలి; 100 గజాల వద్ద 1,000 అడుగు-పౌన్ల శక్తి నిలవాలి. వ్యాసం, బరువు, నిర్మాణం, శక్తి నాలుగూ కలిస్తేనే యోగ్యత అన్న గ్రహింపు ఈ నియమంలో ఉన్నది. జింక కోసమే రూపొందిన గుండు, దానికి తగిన మెలిక, పక్కకు తిరిగి నిలిచిన జింక గుండె, ఊపిరితిత్తుల ప్రాంతానికి మాత్రమే గురి అనే మూడు షరతులకు లోబడినప్పుడు తేలికపాటి గుండు సమర్థమైనదే. వాటిలో ఏది లోపించినా ఆ తేలికదనపు భారం జంతువు మీద పడుతుంది. గుండు బరువు తగ్గినకొద్దీ వేటగాని సంయమనం పెరగవలసి ఉంటుందన్నది ఈ పరిశీలనలో తేలిన సారాంశం.