గడ్డకట్టిన సరస్సు మీద గాలం

గాలం వేసి చేపలు పట్టేవారిని మీరు చూసే ఉంటారు. యానాం దగ్గర గౌతమీ గోదావరి గట్టు మీదనో, చిలికా సరస్సు ఒడ్డుననో, తుంగభద్ర కాలువ పక్కనో బెండు వంక చూస్తూ గంటల తరబడి కూర్చునేవారు కనిపిస్తారు. వారి సరంజామా ఎంత? ఒక వెదురుకర్ర, దారం, గాలపు ముల్లు, బెండు, ఎరకు నాలుగు వానపాములు. నీరు ఎదురుగానే ఉంది కనుక అంతకు మించి అక్కరలేదు.

ఆ నీటి మీద మంచుగడ్డ మూతలా పరచుకొని ఉంటే ఏం చేయాలి? అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలోనూ, కెనడాలోనూ, ఫిన్లండులోనూ చలికాలంలో సరస్సులు ఇలాగే ఉంటాయి. అక్కడివారు ఆ గడ్డ మీదికి నడిచి వెళ్లి, దానికి రంధ్రం చేసి, అందులోంచి గాలం దించుతారు. పూర్వం ఇది తిండి కోసం పడిన పాటు. ఇప్పుడు ఎక్కువమందికి సెలవునాటి వినోదం. మిన్నెసోటాలో 16 ఏళ్లు నిండినవారు దీనికి లైసెన్సు తీసుకోవాలి. ఫిన్లండులో మామూలు చేతిగాలానికి రుసుము లేదు.

పైన అంత గడ్డ ఉంటే కింద చేపలు ఎలా బతుకుతాయని మీకు సందేహం రావచ్చు. నీరు చల్లబడేకొద్దీ బరువెక్కుతుంది. కాని 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ వరస మారుతుంది. అంతకంటె చల్లబడిన నీరు తేలికై పైకి వస్తుంది. అందుకే సరస్సు పైనుండి గడ్డకడుతుంది. అడుగున ఉన్న బరువైన నీరు నీరుగానే నిలుస్తుంది. చేపలు అక్కడ మందకొడిగా తిరుగుతుంటాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, గాలం ఎంపికలో మళ్లీ అవసరమవుతుంది.

మొదటిసారి వెళ్లేవాడు దుకాణంలో అడుగుపెట్టగానే అతని చూపు రంగురంగుల గాలాల మీద, చేపల జాడ తెలిపే విద్యుత్ పరికరాల మీద పడుతుంది. అవి తరువాత చూసుకోవచ్చు. ముందు కొనవలసింది గునపం. మన గునపం వంటిదే, చివర ఉలిలా పదునుగా ఉంటుంది. సరస్సు మీద నడిచేటప్పుడు కొన్ని అడుగులకొకసారి ముందున్న గడ్డను దానితో గట్టిగా పొడవాలి. ఒకటి రెండు పోట్లకే నీరు ఉబికితే వచ్చిన దారినే వెనుదిరగాలి.

గడ్డ ఎంత మందం ఉంటే నడవవచ్చు? స్వచ్ఛంగా గాజులా కనిపించే గడ్డ కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలని మిన్నెసోటా ప్రభుత్వ శాఖ సూచిస్తోంది. తెల్లగా పాలిపోయిన గడ్డలో గాలిబుడగలు ఉంటాయి. దాని బలం దాదాపు సగమే. కనుక మందం రెట్టింపు ఉండాలి. ఒకే సరస్సులో ఒకచోట మూరెడు మందం, వాగు వచ్చి కలిసేచోట బెత్తెడు మందం ఉండవచ్చు. దట్టంగా మంచు కురిసి కప్పిన చోటును కంటితో చూసి నమ్మరాదు.

గునపం తరువాత, మెడలో వేసుకొనే రెండు చిన్న కర్రపిడులు కొనాలి. వాటి చివర మేకులుంటాయి. చూడటానికి ఆటవస్తువుల్లా ఉంటాయి, ధర కూడా తక్కువే. గడ్డ విరిగి నీళ్లలో పడితే ఒట్టి చేతులకు మంచుగడ్డ మీద పట్టు దొరకదు. ఈ మేకులు గుచ్చి, కాళ్లు తన్నుతూ, వచ్చిన వైపుకే పైకి పాకాలి. అంతవరకు తనను మోసిన గడ్డ ఆ వైపునే ఉంది కదా! పైకి వచ్చాక లేచి నిలబడక, దొర్లుతూ దూరం పోవాలి. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ విషయంలో ఒక లెక్క ప్రచారం చేశారు. అతిశీతల జలంలో పడినవాడు 1 నిమిషంలో ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవాలి. సుమారు 10 నిమిషాలు కాళ్లూ చేతులూ చెప్పినమాట వింటాయి. స్పృహ తప్పడానికి సుమారు 1 గంట పడుతుంది. అంటే ఆ 10 నిమిషాలలోనే బయటపడాలి. ఒక తాడు, ఈల, తోడుగా మరొక మనిషి కూడా ఉండాలి. ఒంటరిగా వెళ్లడం తెలివైన పని కాదు.

ఇక రంధ్రం సంగతి. చేతితో తిప్పే పెద్ద బరమా దీనికి సాధనం. వడ్రంగి బరమాను మనిషి నడుము ఎత్తుకు పెంచితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కొత్తవారికి 15 సెంటీమీటర్ల రంధ్రం చేసేది చాలు. వెడల్పు పెరిగితే శ్రమ పెరుగుతుంది. ఇంజనుతో తిరిగేవి కూడా ఉన్నాయి. మొదటి ప్రయాణానికి అంత బరువు, ఖర్చు దండగ. రంధ్రంలో తేలే మంచుముక్కలను తీయడానికి చిల్లుల గరిటె కావాలి. బూందీ దూసే గరిటెకు పొడవైన కాడ బిగించినట్లుంటుంది. ఇది మరచిపోతే ఆ ముక్కలు మళ్లీ అతుక్కొని రంధ్రం పూడుకుపోతుంది.

దుస్తులలో నూలుబట్ట పనికిరాదు. నడకలో పట్టిన చెమటను అది పీల్చుకొని, కూర్చున్నాక ఒంటిని వణికిస్తుంది. లోపల చెమటను నిలవనీయని పలుచని బట్ట, దాని మీద ఉన్ని, పైన గాలి దూరని కోటు వేసుకోవాలి. బూట్లు బిగుతుగా ఉండరాదు. వేళ్లకు రక్తం సరిగా ఆడదు. జారకుండా బూట్ల కింద ముళ్ల పట్టీలు తగిలించుకుంటారు.

చివరకు గాలం. గట్టు మీది పొడవైన కర్రతో ఇక్కడ పనిలేదు. రంధ్రం కాళ్లముందే ఉంటుంది కనుక రెండు మూడు అడుగుల కర్ర చాలు. చలికి మందగించిన చేప ఎరను గబుక్కున మింగదు, మెల్లగా తాకి చూస్తుంది. ఆ తాకిడి చేతికి తెలియాలంటే కర్ర కొన మెత్తగా వంగాలి, దారం సన్నగా ఉండాలి. చిన్న సీసపు తల ఉన్న గాలాన్ని అడుగుకు జానెడు పైన ఉంచి మెల్లగా కదుపుతూ ఉండాలి. టిప్ అప్ అనే మరో రకం గాలం ఉంది. దాని దారపు ఉండ నీటిలో మునిగి ఉంటుంది కనుక గడ్డకట్టదు; చేప దారాన్ని లాగగానే పైన చిన్న జెండా లేస్తుంది. నేనైతే కొత్తవారికి మొదట చేతిగాలమే మేలంటాను. చేప కదలిక చేతికి తెలియడంలోనే కదా అసలు సరదా!

ఇవన్నీ ఇరవై లీటర్ల ప్లాస్టిక్ బకెట్టులోను, చక్రాలు లేని చిన్న లాగుడుబండి మీదను సర్దుకుంటారు. సరస్సు మీదికి చేరాక బకెట్టు బోర్లిస్తే అదే పీట. తిరిగి వచ్చేటప్పుడు, చేపలు పడితే, అవి అందులోనే వస్తాయి.