హుక్కుకీ ఛాసిస్‌కీ మధ్య జానెడు ఇనుము

చెరకు సీజన్లో నా షాపుకొచ్చే ట్రాక్టరు ట్రక్కుల్లో హుక్కు విరిగి వచ్చేవి తక్కువ. హుక్కు అరిగితే డ్రైవరు కంటికి ఆనుతుంది. ట్రక్కు ముందు కడ్డీ, అంటే డ్రాబార్, కొసనున్న కన్ను కోలగా సాగితే దారంతా గడగడ కొట్టుకుంటుంది. పిన్ను వంగితే మర్నాడు పొద్దున ఊడదీసేటప్పుడు సమ్మెట తీసుకోవాల్సిందే. ఇవన్నీ ముందుగా చెప్పి పాడయ్యే సామాను. చెప్పకుండా పాడయ్యేది ఒకటుంది. డ్రాబార్ వెళ్ళి ఛాసిస్‌కి కలిసే చోట, వెల్డింగు అంచు వెంబడి, రంగు మీద వెంట్రుకంత గీత కనపడుతుంది. గుడ్డ పెట్టి తుడిస్తే పోదు. దాని కింద తుప్పునీరు కారిన ఎర్రటి చార ఉంటుంది. ట్రాక్టరు స్టార్ట్ చేసి కాస్త ముందుకీ వెనక్కీ ఆడించమంటాను. గీత నోరు తెరిచి మూసుకుందంటే ఆ ట్రక్కు ఇక షాపు దాటి వెళ్ళకూడదు.

మాది ఉయ్యూరు. పని నేర్చుకుంది బెజవాడ ఆటోనగర్లో. 1966లో పెట్టిన ఆ ఆటోనగర్లో లారీకి సంబంధించి దొరకని వస్తువూ తెలియని మనిషీ ఉండరని అప్పట్లో మా గురువుగారు అంటుండేవారు. నేను మాత్రం తిరిగి మా ఊరే వచ్చేశాను. ఇక్కడ 1941 నుంచీ కేసీపీ వాళ్ళ చక్కెర ఫ్యాక్టరీ ఉంది. క్రషింగు మొదలైందంటే చుట్టుపక్కల ఊళ్ళ ట్రాక్టర్లన్నీ చెరకు వేసుకుని ఇటే వస్తాయి. ట్రక్కులు కట్టేవాడికి అంతకన్నా ఏం కావాలి?

ఈమధ్య ఈ పని గురించి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం ఇక్కడి ట్రక్కు కాదు. డాలస్ దగ్గర ఉండే మా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. "పెదనాన్నా, నా పికప్ బెడ్డు మధ్యలో బంతి హుక్కు ఉంది. నేను కొన్న ట్రైలరుకేమో కింగ్‌పిన్ను ఉంది. మధ్యలో అడాప్టర్ ఒకటి వేస్తే కలిసిపోతుందంటున్నారు. వెయ్యొచ్చా?" అన్నాడు. వాట్సాప్‌లో ఫోటోలు పెట్టాడు. చూడగానే నాకు ఆ ఎర్రటి చార గుర్తొచ్చింది.

వాడి అవస్థ ఏమిటో అర్థం కావాలంటే బండికి బరువుని ఎలా తగిలిస్తారో ముందు చెప్పాలి. మన ట్రాక్టరుది అన్నిటికన్నా సులువైన పద్ధతి. వెనకున్న హుక్కు రెండు దవడల మధ్యకి ట్రక్కు కన్ను పోనిచ్చి, పైనుంచి పిన్ను దించి, కింద చిన్న లాక్ పిన్ను పెట్టటమే. పోర్టు సామాను మోసే పెద్ద ట్రైలర్లు అలా కాదు. ఇంజను లారీ వెనక ఇరుసుల మీద గ్రీజు పూసిన మందపాటి పలక ఒకటి, వెనక్కి నోరు తెరుచుకుని ఉంటుంది. అది ఫిఫ్త్ వీల్. ట్రైలరు అడుగున వేలాడే 2 అంగుళాల లావు కింగ్‌పిన్ను ఆ నోట్లోకి జారగానే దవడలు చుట్టూ బిగుసుకుంటాయి. బరువంతా పలక మీద పరుచుకుంటుంది, పిన్ను మీద పడేది లాగుడు మాత్రమే. ట్రైలరు అనే ఆలోచనను జనంలోకి తెచ్చినవాళ్ళలో ఒకడు డెట్రాయిట్‌లోని ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి. 1914లో ఒక కలప వ్యాపారి తన పడవను ఊరికి తీసుకెళ్ళాలంటే ఫోర్డ్ మోడల్ టీ కారు వెనక కట్టుకునేలా బండి చేసిచ్చాడట. కొలిమి దగ్గర పుట్టిన విద్య అని చెప్పుకోవడం మాలాంటి వాళ్ళకి ఇష్టం లెండి.

అమెరికాలో ఇదే ఫిఫ్త్ వీల్‌ని చిన్నది చేసి పికప్ బెడ్డులో, అంటే వెనక సామాను తొట్టిలో, బిగిస్తారు. దాని మీదికి ఎక్కేది చక్రాల మీద ఇల్లు. పడకగది, వంటగది, స్నానాల గది అన్నీ ఉంటాయి. పడకగది భాగం ముందుకు పొడుచుకొచ్చి పికప్ మీద గొడుగు పట్టినట్టుంటుంది, కింగ్‌పిన్ను దాని కింద వేలాడుతుంది. అక్కడి రైతులది వేరే దారి. ఎండుగడ్డి, పశువులు, ట్రాక్టర్లు మోసే వాళ్ళ ట్రైలర్లకి గూస్‌నెక్ ఉంటుంది. బెడ్డు నేలలోనే ఇనప బంతి బిగించి ఉంటుంది. దాని కొలత రెండంగుళాల రెండున్నర సూతులు, అంటే 58.7 మిల్లీమీటర్లు. ట్రైలరు మెడ వంపు తిరిగి కిందికి దిగి ఆ బంతి మీద టోపీలా కూర్చుంటుంది. బంతి తీసేస్తే బెడ్డు మళ్ళీ చదును, ఏమైనా వేసుకోవచ్చు. ఫిఫ్త్ వీల్ సెట్టు అలా కాదు. దించాలంటే ఇద్దరు మనుషులు కావాలి, ఉంచితే సగం బెడ్డు తినేస్తుంది. అందుకే బంతి ఉన్నవాళ్ళకి అడాప్టర్ మీద మోజు. అది ఒక గొట్టం. పైకొస కింగ్‌పిన్నుని పట్టుకుంటుంది, కిందికొస బంతి మీద కూర్చుంటుంది.

చూడటానికి అంతే. కానీ ఆ గొట్టం కింగ్‌పిన్ను నుంచి బెడ్డు నేల దాకా ఉన్న ఎడమంతా, అడుగుకి అటూఇటూగా, కిందికి దిగాలి. లాగుడు పిన్ను దగ్గర పట్టేది కాస్తా అడుగు కింద పడుతుంది. బండరాయి కింద గునపం దూర్చినవాడు గునపాన్ని చివర పట్టుకుంటాడు గానీ మధ్యలో పట్టుకోడు. పట్టు ఎంత దూరమైతే రాయి మీద అంత బలం. అడాప్టర్ కూడా గునపమే, రాయి ఉన్న చోట ట్రైలరు ఛాసిస్ ఉంది. లెక్క వేసి చూద్దాం. ఛాసిస్ నుంచి కింగ్‌పిన్ను 14 అంగుళాలు కిందుందనుకోండి. బ్రేకు వేసినప్పుడు వెనక నుంచి 500 కిలోల తోపు వచ్చిందనుకోండి. ఆ 500 కిలోలు 14 అంగుళాల చేతి మీద పనిచేస్తాయి. 14 అంగుళాల అడాప్టర్ తగిలిస్తే చెయ్యి 28 అంగుళాలు. తోపు అంతే, ఛాసిస్‌ని మెలిపెట్టే బలం మాత్రం రెండింతలు. బండి ఆగిన ప్రతిసారీ, కదిలిన ప్రతిసారీ, గుంటలో పడిన ప్రతిసారీ ముందుకొకసారి వెనక్కొకసారి. ఇనుము ఒక్క పెద్ద దెబ్బకి ఓర్చుకుంటుంది గానీ, లక్ష చిన్న దెబ్బలకి అలిసిపోతుంది.

రైతుల గూస్‌నెక్ ట్రైలర్లకి ఈ బాధ ఎందుకు లేదంటే వాటి మెడ అసలు ఆ పొడవుకే కట్టారు. లావుపాటి ఐ-బీములు, మూలల్లో త్రికోణపు పలకలు, వెల్డింగు పొడవునా. పడకగది ట్రైలరు ముందు భాగం బరువు తగ్గాలని పల్చగా కడతారు. దానికి అడాప్టర్ తగిలిస్తే ఛాసిస్ వారంటీ చెల్లదని కొందరు తయారీదారులు రాసి మరీ ఇస్తారు. అది కంపెనీ కక్కుర్తి అని మావాడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. వెల్డింగు చేసేవాడికి తెలుసు, వాళ్ళు దేనికి భయపడుతున్నారో.

ఇదే తంతు ఇక్కడా జరుగుతుంది, అడాప్టర్ అన్న పేరు లేదంతే. పాత ట్రాక్టరు అమ్మేసి కొత్తది కొంటారు. కొత్తదాని హుక్కు జానెడు కిందుంటుంది. ట్రక్కు ముందుకు వాలిపోతుంది. డ్రాబార్ మొదలు దగ్గర మార్చాలంటే ఖర్చు, ఒక రోజు పని. అందుకని డ్రాబార్ కొసకి నాలుగు సూతుల రేకు ముక్కలు రెండు కిందికి వేలాడదీసి, వాటికి కన్ను అతికించమంటారు. "జానెడే కదా, కానియ్ బాబాయ్" అంటారు. ఆ జానెడు వల్ల రేకు విరగదు, కన్ను విరగదు. పైన, మొదట్లో, ఛాసిస్ దగ్గర గీత పడుతుంది. సంక్రాంతి తర్వాత వచ్చి, అక్కడ నాసిగా కట్టావంటారు.

తోట్లవల్లూరు వైపు లంక పొలాల నుంచి చెరకు వచ్చేటప్పుడు చూడాలి. ట్రాక్టరు ముందు కరకట్ట ఎక్కాలి. ర్యాంపు మొదట్లో ముక్కు పైకి లేస్తుంది, ట్రక్కు ఇంకా పల్లంలోనే ఉంటుంది. హుక్కు దగ్గర కోణం విరిగి, వెనక బరువు ట్రాక్టరుని వెనక్కి పట్టి లాగుతుంది. ముందు చక్రాలు నేలకి ఆనీ ఆనకుండా తేలుతాయి, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. బరువు కోసమని బానెట్టు మీద ఇద్దరు కుర్రాళ్ళని కూర్చోబెట్టే డ్రైవర్లున్నారు. ఆ కుర్రాళ్ళు ఎక్కడ పడతారో వాళ్ళకి పట్టదు. హుక్కు ఎప్పుడూ వెనక ఇరుసు మట్టానికి కిందే ఉండాలి. పైన ఎక్కడో టాప్ లింకుకి కట్టి లాగితే ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరు మీదే పడుతుంది. ఆ ప్రమాదం క్షణాల్లో అయిపోతుంది, దిగడానికి టైముండదు.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఇంకో ఎత్తు. మన ట్రక్కులకి సాధారణంగా బ్రేకులుండవు. కట్ట దిగేటప్పుడు వెనకున్న చెరకంతా ట్రాక్టరుని తోస్తుంది. ట్రాక్టరు వంకరగా ఉందా, ట్రక్కు పక్కకి తిరిగి దాన్ని మడిచేస్తుంది. అందుకే ఎక్కిన గేరులోనే దిగమని పెద్ద డ్రైవర్లు చెబుతారు. అన్నట్టు, మాఘమాసంలో వీరమ్మ తల్లి తిరునాళ్ళు పదిహేను రోజులూ ఊళ్ళో జనం, అవే రోజుల్లో రాత్రుళ్ళు చెరకు బండ్లు. వెనక లైటు లేకపోతే పోయింది, కనీసం రేడియం స్టిక్కరు అయినా అంటించుకోమని నేను ప్రతి ట్రక్కుకీ చెబుతాను. చెరకు గడలు దాని మీదికి వేలాడితే అదీ కనపడదు, అది వేరే సంగతి.

బరువు ఎక్కడ ఉందన్నది ఇంకో పెద్ద విషయం. రెండు చక్రాల ట్రక్కులో చెరకు ఇరుసుకి వెనక ఎక్కువ పేర్చారనుకోండి, డ్రాబార్ పైకి లేస్తుంది. హుక్కుని కింద నుంచి ఎత్తుతుంది, ట్రాక్టరు వెనక చక్రాలకి పట్టు పోతుంది. మావాడి ట్రైలరుకీ ఇదే సూత్రం. ఫిఫ్త్ వీల్ ట్రైలరు బరువులో 15 నుంచి 25 శాతం పిన్ను మీద పడాలి. వాడిది నిండుగా 12,000 పౌండ్లు అంటున్నాడు, 5,400 కిలోల పైన. ఐదో వంతు వేసుకున్నా వెయ్యి కిలోలు దాటి పికప్ వెనక ఇరుసు మీద కూర్చుంటుంది. పికప్ తలుపు పక్కన స్టిక్కరు మీద ఎంత మొయ్యగలదో రాసి ఉంటుంది. అందులోంచి వాడూ వాడి పెళ్ళాం పిల్లలూ ఎక్కి, కుక్క కూడా ఎక్కాక మిగిలేది ఎంతో చూడమన్నాను. బంతి ఎంత మొయ్యగలదు, అడాప్టర్ ఎంత, టైర్లు ఎంత అన్నీ విడివిడిగా చూసి, అందులో అన్నిటికన్నా తక్కువ ఏదుందో అదే తన లెక్క అనుకోమన్నాను.

అడాప్టర్ వెయ్యనే వద్దని నేను అనలేదు. ముందు ట్రైలరు ఛాసిస్ చేసిన కంపెనీ ఏమంటుందో కాగితం మీద చూడమన్నాను. కొన్ని చోట్ల గొట్టం తగిలించకుండా కింగ్‌పిన్నుని పట్టి ఉంచే పెట్టెనే మార్చి, కుదుపుని మింగే స్ప్రింగు గానీ గాలి సంచి గానీ ఉన్న పెట్టె బిగిస్తారు, అది కొంత మేలు. నాకు నచ్చింది మాత్రం ఇంకోటి. ట్రైలరుని కిందికి దించకుండా బంతినే పైకెత్తుతారు. బెడ్డులో అల్యూమినియం చట్రం పెట్టి, అసలు బంతి రంధ్రానికే బిగించి, దాని మీద ఇంకో బంతిని కింగ్‌పిన్ను ఎత్తులో నిలబెడతారు. పిన్నుకి కప్పు తగిలిస్తారు. అప్పుడు ఛాసిస్ వైపు చెయ్యి దాదాపు పాత పొడవే. పెరిగిన ఎత్తు పికప్ వైపుకి పోతుంది, ఆ మెలి మొయ్యడానికి చట్రం కాళ్ళు వెడల్పుగా పరుచుకుని ఉంటాయి. ఫిఫ్త్ వీల్ సెట్టు కన్నా చాలా తేలిక, ఒక్కడే ఎత్తి దించుకోవచ్చు.

బంతి మీద కూర్చునేది ఏదైనా సరే గొలుసులు ఉండాల్సిందే. ఫిఫ్త్ వీల్‌కి మామూలుగా గొలుసులు అడగరు, గూస్‌నెక్‌కి అక్కడ చాలా రాష్ట్రాల్లో తప్పనిసరి. గొలుసుల్ని అడాప్టర్ గొట్టానికి కట్టి ఊరుకోకూడదు, ఊడిపోయేది ఆ గొట్టమే కావచ్చు కదా. ట్రైలరు ఛాసిస్ నుంచి బెడ్డులో ఉన్న కొండీల దాకా ఉండాలి. బ్రేక్-అవే తీగ అని సన్నటిది ఒకటుంటుంది. ట్రైలరు విడిపోతే ఆ తీగ లాగి స్విచ్చు పిన్ను ఊడుతుంది, ట్రైలరు బ్యాటరీ దాని బ్రేకులు తానే వేసుకుంటుంది. ఆ తీగని పికప్‌కి విడిగా తగిలించాలి, గొలుసుకి తగిలిస్తే లాభం లేదు.

తగిలించాక ప్రయాణం మొదలెట్టే ముందు ఒక పరీక్ష. ట్రైలరు ముందు కాళ్ళు నేలకి కాస్త దగ్గరగా ఉండగానే, ట్రైలరు బ్రేకు మాత్రం చేత్తో పట్టి పికప్‌ని మెల్లగా ముందుకి లాగాలి. కప్పు బంతిని పట్టి ఉంటే పికప్ ఆగిపోతుంది. పట్టలేదంటే, కూలబడేది జానెడు ఎత్తు నుంచే. ఆటోనగర్లో కంటైనరు బండ్లకి కూడా ఇదే చేసేవాళ్ళం. ఆ పైన టార్చి వేసుకుని కిందికి వంగి, దవడ మూసుకుందో లేదో కంటితో చూసేవాళ్ళం. లివరు లోపలికి వెళ్ళిందని నమ్మి ఊరుకుంటే గురువుగారు రెంచితో మెల్లగా వీపు మీద తట్టేవారు.

మావాడు అంతా విని, ఛాసిస్ కంపెనీకి మెయిలు పెట్టాడు. గొట్టం అడాప్టర్‌కి ఒప్పుకోబోమని జవాబొచ్చింది. సరే, బంతిని పైకెత్తే చట్రమే కొంటానన్నాడు. అయితే పికప్ పక్క గోడలకీ ట్రైలరు అడుగుకీ మధ్య ఆరంగుళాలైనా ఖాళీ ఉండాలి, లేకపోతే గుంటలో దిగి వంగినప్పుడు గోడ నలుగుతుంది. చదును నేల మీద నిలబెట్టి ఆ కొలతా, బెడ్డు నేల నుంచి కింగ్‌పిన్ను దాకా ఇంకో కొలతా తీసి పంపమన్నాను. కొలిచాడు గానీ టైర్లలో గాలి చూడకుండా కొలిచాడు. మళ్ళీ కొలవమన్నాను.